ఆడిటరుగారి బ్రేకు చప్పుడు

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి ఆడిటరు ప్రకటించాడు. "ఇవాళ కారు బ్రేకులు నేనే బాగుచేస్తున్నా."

కొన్నాళ్లుగా ఆ బుల్లి కారు బ్రేకు తొక్కినప్పుడల్లా గరగరమని గీరుకుంటోంది. వీధి మలుపులో తొక్కితే వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడతాయి. షికారుకి రమ్మంటే చాలు, భార్యకు తలనొప్పి, కూతురికి పరీక్షలు, వాళ్లతోనే ఉంటున్న మామగారికి మోకాళ్లు అడ్డం వచ్చేవి. ఆ గోల భరించలేకే ఎవరూ కారెక్కడం లేదని అతని నమ్మకం. చప్పుడు పోతే వచ్చే ఆదివారమైనా నలుగురూ కలిసి సముద్రం దాకా వెళ్లి రావచ్చని అతని ఆశ.

అసలు సంగతి వేరు. అతను ఆఫీసునే కాదు, ఇంటిని కూడా ఆడిట్ చేస్తాడు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగినా, చదువుకునే వేళ ఫోను వెలిగినా ఇట్టే పట్టేస్తాడు. అందుకని సాయంత్రం మలుపులో గరగర వినపడగానే భార్య సీరియల్ కట్టేసి లేచేది. కూతురు ఫోను దిండు కిందికి తోసి పుస్తకం తెరిచేది. షుగరున్న మామగారు మిఠాయి డబ్బాకు మూత పెట్టి మీసం తుడుచుకునేవారు. ఈ సదుపాయం తన ఒక్కరికే తెలుసని ముగ్గురూ ఎవరికి వారే అనుకుంటున్నారు.

"చప్పుడు చేసే బ్రేకే గట్టిదండీ అల్లుడుగారూ. మా రోజుల్లో అన్నీ అరిచేవి" అన్నారు మామగారు.

"మెకానిక్కు చూస్తాడు లెండి. చేతులకి గ్రీజంటుతుంది" అంది భార్య.

"బయట ఎండగా ఉంది నాన్నా" అంది కూతురు.

తనకు చేతకాదనే వీళ్లంతా సణుగుతున్నారనుకుని ఆడిటరు ఇంకా పట్టుదలకు పోయాడు. నట్లు వదులుచేసి, జాకీ మీద కారు లేపి, ముందు చక్రం ఊడదీశాడు. రోగం కళ్లెదుటే ఉంది. డిస్కును నొక్కి పట్టాల్సిన ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి, వాటి వెనకున్న ఇనప రేకు నేరుగా డిస్కును గీరుతోంది. డిస్కు మీద గీతలు పడ్డాయి గాని లోతుగా లేవు. కొత్త ప్యాడ్లు ముందురోజే తెచ్చి పెట్టుకున్నాడు. సగం పని అయిపోయినట్టేనని మురిసిపోతూ మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడు.

అతను వచ్చేసరికి కొత్త ప్యాడ్లలో ఒకటి లేదు. అది మామగారి చొక్కా జేబులోకి చేరిందని పాపం అతనికేం తెలుసు? గేటు దగ్గర పక్కింటి డ్రిల్లు మేష్టారి కుక్క మూతి నాకుతూ కనిపించింది. నేరుగా మేష్టారి తలుపు తట్టాడు.

"మీ కుక్క నా బ్రేకు ప్యాడు మింగేసిందండీ."

"బిస్కెట్టే పాలల్లో నానబెడితే గాని తినదు. ఇనుము తింటుందా?" అని మేష్టారు కుక్క నోరు తెరిచి, ఉన్న నాలుగు పళ్లూ చూపించారు.

ఈ పళ్ల పరీక్ష జరుగుతుండగా భార్య చక్రం నట్లు కొంగున మూటగట్టి పప్పుల డబ్బాలో దాచేసింది. ఆవిడ అటు వెళ్లగానే కూతురు వచ్చి స్పానరు పట్టుకుపోయింది. ఆడిటరు తిరిగొచ్చి చూసి తెల్లమొహం వేశాడు. కుక్క నిర్దోషి అని తేలినందుకు వెంట వచ్చిన మేష్టారు పొంగిపోయి ఈల ఊదారు. "ఇది దొంగల పనే" అన్నారు.

వీధి వీధంతా పోగైంది. ఒకావిడకు బకెట్టు పోయిన సంగతి గుర్తొచ్చింది. ఒకాయనకు ఒంటి చెప్పు గుర్తొచ్చింది. నిరుటి గొడుగు కూడా దొంగ ఖాతాలోకే వెళ్లింది. రాత్రిళ్లు గస్తీ తిరగాలని అక్కడికక్కడే తీర్మానమైంది. సొమ్ము పోగొట్టుకున్న మనిషి గనక మొదటి వంతు ఆడిటరుదే అన్నారు. అతని ఇంట్లోవాళ్లు ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా కిమ్మనకుండా నిలబడ్డారు.

రాత్రంతా మేష్టారి ఈల వెనకాల నడిచిన ఆడిటరు, సోమవారం జాకీ మీదున్న కారును దిగులుగా చూసి బస్సెక్కాడు. ఆఫీసులో ఫైలు మీద తల వాల్చి గురక పెట్టాడు. పై అధికారి జాలిపడి మధ్యాహ్నానికే ఇంటికి పంపేశాడు. బస్సు దిగి, ఏ చప్పుడూ లేకుండా నడిచి గుమ్మంలోకి వచ్చాడు.

లోపల నవ్వులు. తన ఇంట్లో ఇంత నవ్వుంటుందని అతనికి తెలియదు. బల్ల మీద ప్యాడు, నట్లు, స్పానరు వరసగా ఉన్నాయి. ముగ్గురూ ఒకరి దొంగతనం ఒకరికి చెప్పేసుకున్నట్టున్నారు. మామగారి చేతిలో మిఠాయి. కూతురు అతని పాత కళ్లద్దాలు పెట్టుకుని, చంకలో సంచీతో, నోటితోనే గరగరమని బ్రేకు వేసి ఆగింది. "ఈ ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది?" అంది గొంతు బొంగురు చేసి. భార్య కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతూ తలెత్తి, గుమ్మంలో మొగుణ్ణి చూసింది.

నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఆ ఆగడమే అతనికి గుచ్చుకుంది. చప్పుడుకు భయపడి వీళ్లు కారెక్కడం లేదనుకున్నాడు. వీళ్లు భయపడుతున్నది తనకు.

"నా కారులో మీకు పనికొచ్చింది ఆ చప్పుడొక్కటేనా?" అన్నాడు.

మామగారు మిఠాయి మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గనే పెట్టుకుని కూర్చున్నారు. ఆడిటరు చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆపావేం? కానివ్వు" అన్నాడు కూతురితో.

"ఈ... ఈ ఫ్యాను ఎవరి కోసం..." అంది కూతురు బిక్కమొహంతో.

"అలా కాదమ్మా. ముందు ఫ్యాను వంక చూస్తాను. తరవాత మీ అమ్మ వంక చూస్తాను. ఆ తరవాతే అడుగుతాను."

మొదట భార్యే ఫక్కున నవ్వింది. తరవాత ఎవరు నవ్వారో, ఎవరు ఆపారో చెప్పడం కష్టం. ఆ సాయంత్రం భార్య నట్లందిస్తే, కూతురు స్పానరు తిప్పితే, ఆడిటరు కొత్త ప్యాడ్లు బిగించాడు. ఆ తరవాతి ఆదివారం ఎవరికీ తలనొప్పి రాలేదు, మోకాళ్లూ సహకరించాయి. సముద్రం దాకా కారు పిల్లిలా వెళ్లొచ్చింది. నిజం చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేక వీధిలో గస్తీ మాత్రం అలాగే సాగుతోంది. పెద్దమనిషని దానికి మామగారినే అధ్యక్షుణ్ణి చేశారు.

ఇప్పుడు ఆడిటరు రోజూ వీధి మలుపులో తనంతట తనే హారన్ కొట్టి మరీ వస్తున్నాడు. డబ్బా మూత పెట్టుకునే వ్యవధి చాలడం లేదని, కాస్త ముందునుంచే కొట్టమని మామగారు మనవరాలి చేత కబురు పెట్టారు.