సెనేటర్ గారి ఇంటి మనిషి

మా రాష్ట్ర సెనేటర్ లోరింగ్ వికర్షమ్ గారు డిసెంబరు మొదటి వారంలో టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి, ఇకపై ఈ రాష్ట్రంలో పన్ను కట్టకుండా ఒక్క ఉయ్యాల కూడా ఊగదని ప్రకటించారు. మంచు పడుతోంది. అయినా ఆయన టోపీ పెట్టుకోలేదు. టోపీ పెడితే ఫోటోలో జుట్టు కనబడదని ఎన్నికల మేనేజరు డఫీ చెప్పాడట. ప్రజల కోసం జలుబు తెచ్చుకునే నాయకులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

సంగతేమిటంటే, ఇంట్లో ఆయాను పెట్టుకున్నవాళ్లు ఆమె జీతం మీద పన్నులు కట్టాలి. ఏడాది తిరగ్గానే, నీకింత ఇచ్చాం, ఇంత పన్ను కట్టాం అని రాసిన డబ్ల్యూ-టూ అనే కాగితాన్ని జనవరి నెలాఖరులోగా ఆమె చేతిలో పెట్టాలి. రూలు ఎప్పట్నుంచో ఉంది. మా ఊళ్లో డాక్టర్లు, లాయర్లు, చివరికి ఆడిటర్లు కూడా ఆ రూలును ఎంతో గౌరవిస్తారు, దాని జోలికి వెళ్లరు. శుక్రవారం సాయంత్రం నోట్లు మడిచి ఆయా చేతిలో పెట్టి, "బస్సు జాగ్రత్త" అంటారు. వీళ్లందరి చెవులూ మెలిపెట్టడానికే సెనేటర్ గారు 'నిజాయితీ ఉయ్యాల బిల్లు' తెస్తున్నారు.

ఒక విలేకరి చెయ్యెత్తాడు. "సార్, మీ ఇంట్లో ఆయా ఉందా?"

"లేదు."

ఆయన వెనకే వెర్లిన్ నిలబడి, వికర్షమ్ గారి నాలుగేళ్ల కొడుకు బెకెట్ ముక్కు తుడుస్తోంది.

"మరి ఆవిడెవరండీ?"

సెనేటర్ గారు వెనక్కి తిరిగి చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. "వెర్లినా? మా ఇంటి మనిషి!"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులకు ఉన్ని గ్లవుజులుండటం వల్ల చప్పుడు రాలేదు. నేను వాళ్ల పక్కింటివాణ్ణి. రిటైరై ఖాళీగా ఉన్నానని మా ఆవిడే నన్ను ఆయన ఎన్నికల ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి పంపింది.

ఆ సాయంత్రం వాళ్ల వంటింట్లో వెర్లిన్ అడిగింది. "సార్, ఈసారన్నా నా డబ్ల్యూ-టూ ఇప్పించండి. నా అద్దె గడువు జనవరితో అయిపోతుంది. స్టేషన్ పక్కన అపార్ట్‌మెంట్ చూసుకున్నాను. జీతానికి రుజువుగా ఆ కాగితం చూపిస్తేనే తాళం ఇస్తాడట ఇంటాయన. లేకపోతే నేనూ నా కూతురూ రోడ్డు మీదే."

"తప్పకుండా, వెర్లిన్!" అన్నారు సెనేటర్ గారు. ఆమె పిల్లాడికి స్నానం చేయించడానికి మేడెక్కగానే డఫీ తలుపు మూశాడు.

"కాగితం ఇస్తే ఆయా అని ఒప్పుకున్నట్టే. ఆయా అయితే, ఇన్నాళ్ల పన్ను ఏదని అడుగుతారు. ఇంటి మనిషన్నాం కాబట్టి ఇంటి మనిషే."

"చట్టం ఒప్పుకుంటుందా?" అన్నారు సెనేటర్ గారు.

డఫీ ఆడిటరుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. భార్యకిచ్చే జీతం మీద ఆ పన్ను ఉండదన్నాడు ఆడిటరు.

"కుదరదు," అంది మిసెస్ ప్రిసిల్లా వికర్షమ్, క్యారెట్ తరుగుతూ.

కన్నతల్లికిచ్చినా చాలావరకు ఉండదన్నాడు.

"అయితే అమ్మ!" అన్నాడు డఫీ.

"ఆమె నాకంటే రెండేళ్లు చిన్నదయ్యా!"

"అమ్మ 'లాంటిది' అందాం సార్. వోటరు అంత లెక్క చూడడు."

ఆ వారమే క్రిస్మస్ కార్డుకి ఫోటో తీశారు. అందరికీ ఒకేరకం ఎర్ర స్వెటర్లు, కుక్కకి కూడా. వెర్లిన్‌ని నట్టనడుమ కుర్చీలో కూర్చోబెట్టారు. కింద బంగారు అక్షరాలు: 'మా అమ్మలాంటి వెర్లిన్‌తో, వికర్షమ్ కుటుంబం.' ఫోటో అయ్యాక ఆమె లేచి, ఫోటోగ్రాఫరు తాగిన కాఫీ కప్పులు కడిగింది. ఇంటి మనుషులు కప్పులు కడగరా ఏమిటి?

కార్డులు ఎన్నికలకు చందాలిచ్చినవాళ్లకీ, చుట్టాలకీ అందరికీ వెళ్లాయి. మూడోనాడు ఆఫీసుకి ఫ్లోరిడా నుంచి ఫోన్. కొడుకు ఎత్తడని తెలిసి ఆఫీసుకే చేసింది సెనేటర్ గారి తల్లి.

"ఏమయ్యా, వెర్లిన్ అమ్మలాంటిదైతే నేనెలాంటిదాన్నో కాస్త అడిగి చెప్తావా?"

అడిగి చెప్తానన్నాను. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జనవరి ఆఖరి వారం వచ్చింది. వెర్లిన్ మళ్లీ అడిగింది.

"కాగితాలు పరాయివాళ్లకి, వెర్లిన్," అన్నారు సెనేటర్ గారు గుండె మీద చెయ్యేసుకుని. "మన మధ్య కాగితమా?"

"ఉన్న కాగితం మీ కార్డే కదా అని అదే తీసుకెళ్లి చూపించాను సార్. ఇంటాయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. 'ఇంత చక్కని కుటుంబం, ఇంత పెద్ద ఇల్లు. ఇవి పెట్టుకుని నా దగ్గరికెందుకమ్మా?' అన్నాడు."

"చూశావా! ఎంత బాగా చెప్పాడో!" అన్నారు సెనేటర్ గారు.

నాకు మాత్రం చాలా బాధేసింది. కానీ నేను స్వచ్ఛంద సేవకుణ్ణి, బాధపడటం నా డ్యూటీలో లేదు.

నెలాఖరు రోజు పొద్దున టీవీవాళ్లు వచ్చారు. 'నిజాయితీ నివసించే ఇల్లు' అని కార్యక్రమం. సోఫాలో సెనేటర్ దంపతులు, కాళ్ల దగ్గర కుక్క, బల్ల మీద క్రిస్మస్ కార్డు. ప్రత్యక్ష ప్రసారం మొదలైన కాసేపటికి గంట మోగింది. తలుపు నేనే తీశాను. వెర్లిన్, రెండు పెద్ద సూట్‌కేసులు, హైస్కూలు చదువుతున్న కూతురు, కూతురి చేతిలో చేపల తొట్టి.

కెమెరా అటు తిరిగింది.

"వచ్చేశాం సార్," అంది వెర్లిన్ మంచు దులుపుకుంటూ. "ఇంటాయన చెప్పింది నిజమేననిపించింది. ఇంతకీ మాది ఏ గది?"

"వెర్లిన్ ఇక్కడే ఉంటుందా సార్?" అంది యాంకరు, కళ్లు తుడుచుకుంటూ.

సెనేటర్ గారు నవ్వారు. ఆ నవ్వు కెమెరా వెళ్లేదాకా అలాగే ఉంది.

"మేడ మీద ఎడమవైపు గది బావుంటుంది," అంది వెర్లిన్, "ఎండ వస్తుంది. చేపలకి మంచిది."

"అది నా యోగా గది!" అంది ప్రిసిల్లా.

"పర్లేదమ్మా, సర్దుకుందాం. మనం మనం ఒకటే కదా!"

టీవీ వ్యాను వీధి మలుపు తిరిగిందో లేదో ఆడిటరు కారు వచ్చి ఆగింది. నాలుగేళ్లుగా కుదరని పని మధ్యాహ్నం భోజనంలోపు పూర్తయింది. పెట్టాల్సిన సంతకాలన్నీ సెనేటర్ గారు నిలబడే పెట్టారు. వెర్లిన్ డబ్ల్యూ-టూ అందుకుని, తన పేరు స్పెల్లింగు సరిచూసుకుని, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. సూట్‌కేసులు నా కారులోనే స్టేషన్ పక్క అపార్ట్‌మెంట్‌కి చేరవేశాను. చేపల తొట్టి ఒళ్లో పెట్టుకుని దారంతా నవ్వుతూనే ఉంది ఆ పిల్ల.

మర్నాడు పత్రికలకు డఫీ ఒక ప్రకటన పంపాడు: 'సెనేటర్ వికర్షమ్ గారింట్లో ఒక ఆయా పనిచేస్తున్నారు. ఆమెకు డబ్ల్యూ-టూ ఇవ్వడమైనది. ఆమెకూ సెనేటర్ గారి కుటుంబానికీ ఎటువంటి సంబంధమూ లేదు.'

సాయంత్రం ఆఫీసులో ఫోన్ మోగింది. ఫ్లోరిడా.

"పేపర్లో చూశానయ్యా," అందావిడ. "అయితే అమ్మ ఉద్యోగం ఖాళీ అయిందన్నమాట. నన్ను మళ్లీ తీసుకుంటాడేమో కనుక్కో. ఈసారి మాత్రం కాగితం ఇస్తేనే వస్తానని చెప్పు."