పంది పడక

ఆ ఉదయం అటవీ శాఖ గార్డు పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. టీ తాగి, కంచెకు రెండు మేకులు కొట్టి, భోజనం వేళ దాకా ఓ కునుకు తీద్దామనుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది. అతని క్వార్టర్స్ వెనకున్న పంది గూడు చూడడానికి రేంజరుగారు బయల్దేరారట.

గూడు ఉంటేగా! రేంజరుగారు అడవిపందుల నిద్ర మీద పుస్తకం రాస్తున్నారు. మొన్న మీటింగులో "ఈనబోయే పంది గడ్డితో పడక కట్టుకుంటుంది. మీలో ఎవరైనా చూశారా?" అని అడిగితే, అందరూ తలలు దించుకున్నారు. తన తల ఒక్కటే ఎత్తుగా కనిపించాలని గార్డు "మా ఇంటి వెనకాలే ఉంది సార్" అని నోరు జారాడు. అబద్ధమని తేలితే సరిహద్దు చెక్‌పోస్టుకు బదిలీ, క్వార్టర్స్ ఖాళీ. అద్దె కొంపల్లో విసిగిపోయిన భార్య ఇష్టంగా సున్నం వేయించుకుని, చిక్కుడు పాదు పెట్టుకున్న ఇల్లది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పదండి, అతికిద్దాం," అంది ఆవిడ కొడవలి చేతికిస్తూ.

ఇద్దరూ గడ్డి కోసి, కొమ్మలు విరిచి, పొదలో గుట్టగా పోశారు. అది గడ్డివాములా ఉంది తప్ప పడకలా లేదు. పంది పడుకున్న గుంట కావాలి. గార్డు భార్య వైపు చూశాడు. భార్య వరండా వైపు చూసింది. అక్కడ ఆవిడ తమ్ముడు నిద్రపోతున్నాడు. రెండు రోజులుండి పోతానని వచ్చి, నెలల తరబడి ఆ రెండో రోజు కోసం ఎదురుచూస్తున్న మనిషి.

లేపి సంగతి చెబితే, "ఊరికే పడుకుంటే చాలా బావా?" అన్నాడు తమ్ముడు నమ్మలేనట్టు.

"లోపల దూరి అటూ ఇటూ దొర్లు. వెంటనే లేచి రా."

దూరాడు, దొర్లాడు. లేవడం మాత్రం అతని వల్ల కాలేదు. గార్డు కాలు పట్టి లాగబోతుండగా జీపు వచ్చి ఆగింది.

రేంజరు పొదకు దూరంగానే నిలబడిపోయాడు. గడ్డిగుట్ట మెల్లగా లేస్తోంది, దిగుతోంది. లోపల్నుంచి గురక.

"లోపలే ఉందయ్యా!" అన్నాడు గుసగుసగా.

"లేదు సార్, గాలికి కదుల్తోంది."

"గాలి గురక పెడుతుందా? పగలంతా పొదలో పడి నిద్రపోతుంది. చీకటి పడగానే తిండికి లేస్తుంది."

"సరిగ్గా అంతేనండీ," అంది గార్డు భార్య. ఆ రోజు ఆ ఇంట్లో పలికిన మొదటి నిజం అదే.

రేంజరు కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి చూడ్డం!" అంటూ గార్డు చేతులు పట్టుకున్నాడు. రొట్టె విరిగి నేతిలో పడిందని గార్డు పొంగిపోయాడు. పొంగినవాడు ఊరుకోవచ్చు కదా!

"మేమంటే దానికి భయమే లేదు సార్. ఇంట్లో మనిషి కిందే లెక్క."

రేంజరు మొహం మారింది. "మనుషులు ఇంత దగ్గరగా మసలుతుంటే ఈనకుండానే గూడు వదిలేసి పోతుంది. క్వార్టర్స్ ఇవాళే ఖాళీ చెయ్యి. చెక్‌పోస్టులో గది ఉందిగా!"

గార్డు ఎటూ పోయే ఇల్లేనని తెగించాడు. "సార్, నిజం చెప్పేస్తున్నా. లోపలున్నది పంది కాదు, మా బావమరిది!"

రేంజరు అతన్ని కౌగిలించుకున్నాడు. "బావమరిదిలా చూసుకుంటున్నావా! నాకు తెలుసయ్యా, దాన్ని వదిలి వెళ్లడం కష్టమే."

చీకటి పడేలోగా సామానంతా జీపెక్కింది. చిక్కుడు పాదును చూసి గార్డు భార్య ఏడ్చేసింది. రేంజరు దగ్గరుండి పొద చుట్టూ తాడు కట్టించి, ఎవరూ అలికిడి చెయ్యకూడదనీ, రోజూ ఓ బుట్టెడు చిలగడదుంపలు అక్కడ పెట్టి రావాలనీ వాచరుకు ఆర్డరు వేశాడు.

ఆ కుటుంబంలో ప్రభుత్వ ఖర్చుతో ఇల్లూ తిండీ ఖాయమైనవాడు ఇప్పుడు బావమరిది ఒక్కడే.