లేని తీగ

ఆ ఉదయం పరిశోధక విద్యార్థిని పథకం చాలా చిన్నది. పదకొండింటికి ప్రొఫెసర్‌కు తీగ చూపించాలి, సాయంత్రానికి థీసిస్ మీద సంతకం పెట్టించుకోవాలి. ఆరేళ్లుగా ఆయన "బాగుంది, కానీ ఇంకొక్కసారి చూద్దాం" అనే పాటే పాడుతున్నాడు. రేపటితో గడువు సరి. దాటితే ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

బాగా చల్లబరిస్తే కొన్ని లోహాల్లో కరెంటుకు అడ్డన్నదే ఉండదు. అదే లోహాన్ని వెంట్రుకలో పదివేలో వంతు సన్నగా తీస్తే మాత్రం, ఎంత చల్లబరిచినా ఆ అడ్డు పోదని ఆమె వాదన.

తీగను వెండి కలిపిన జిగురుతో అతికిస్తుండగా తుమ్ము వచ్చింది. తుమ్మితే ఊడే ముక్కు అంటారు. ఆమెకు ముక్కు మిగిలింది, తీగ ఎగిరిపోయింది. పక్క గదిలోంచి ఇంకో తీగ తెచ్చేలోపు ప్రొఫెసర్ వచ్చి మీట నొక్కేశాడు. తీగ ఉండాల్సిన చోట చిందిన వెండి జిగురు మీటరు రెండు కొసలనూ కలిపేయడంతో అడ్డు సున్నా అని చూపించింది.

"అమ్మాయ్! ఇంకా చల్లబరచనే లేదు కదా?"

"లేదు సార్, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! మామూలు గది వేడిలో సున్నా! లోకమంతా దీనికోసమే వెతుకుతోంది!"

"సార్, అసలు అందులో తీగ..."

"తీగ మనిద్దరిదీనమ్మా. వ్యాసం మీద పేర్లలో ముందు నాది."

ఆయన సంస్థ డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. డైరెక్టర్ నాలుగింటికి విలేకరులను రమ్మన్నాడు. తనను ఇరవయ్యేళ్లుగా 'తీగల మేస్త్రి' అని వెక్కిరిస్తున్న బావమరిదికీ ప్రొఫెసర్ కబురు చేరవేశాడు. తర్వాత ఆప్యాయంగా ఆమె వైపు తిరిగాడు.

"ఆ థీసిస్ చింపేయ్. అడ్డు పోదన్నావు, ఇదిగో పోయింది. కొత్తగా మొదలుపెడదాం, ఇంకో నాలుగేళ్లు."

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అందులో తీగ లేదు సార్! తుమ్మాను, ఎగిరిపోయింది!"

ప్రొఫెసర్ సూక్ష్మదర్శినిలోకి చాలాసేపు చూశాడు. తల ఎత్తేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మరి ముందే చెప్పవేం?"

"చెప్పనిచ్చారా?"

అప్పటికే విలేకరులకు పిలుపు వెళ్లిపోయింది. ఇద్దరూ కలిసి రెండో తీగ అతికించి, మూడు గంటలు చల్లబరిచారు. అడ్డు కొంచెం కూడా తగ్గలేదు.

నాలుగింటికి ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. "ఎంత చల్లబరిచినా లొంగని తీగ! చూడండి, మా అమ్మాయి థీసిస్!"

"ఫోన్‌లో ఇంకేదో అన్నట్టున్నారు?" అన్నాడు డైరెక్టర్.

"ఇదే సార్. సంతకం కూడా అయిపోయింది," అంటూ అక్కడే జేబులోంచి కలం తీసి గబగబా గీకేశాడు ప్రొఫెసర్.

విలేకరులకు ఒక్క ముక్క అర్థం కాలేదు కాబట్టి, గొప్ప ఆవిష్కరణ అని రాశారు.