పద్దెనిమిది కిలోల వేలాడు సామగ్రి

ప్రభుత్వం దేని మీద నిలబడుతుందని అడిగితే చట్టం మీద అనీ, ప్రజల మీద అనీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ బొబ్బిలిలోని మా కొండ హద్దుల కొలత ఉప కార్యాలయానికి వచ్చినవాళ్లు కారు. ప్రభుత్వం నిలబడదు, వేలాడుతుంది. దాన్ని వేలాడదీసేవి రెండు ఇనప గొలుసులు, నాలుగు కొక్కేలు, రెండు కడియాలు. వెరసి పద్దెనిమిది కిలోలు. ఈ మాట అధికారికంగానే చెబుతున్నాను. ఆ కార్యాలయంలో ఉత్తరాలకు నకళ్లు రాసే గుమాస్తాను నేనే.

మా అధికారి నరసింగరావుగారు ఏటా కార్తీకంలో కొండల మీద ఇరవై రోజులు మకాం వేస్తారు. పూర్వం మకాముల్లో మడత మంచం ఉండేది. ఒక ఏడాది దాని కాళ్లు చెదలు తినేశాయి, మరుసటి ఏడాది అప్పటి అధికారిని తేలు కుట్టింది. (తేలు మీద విచారణ ఇంకా సాగుతోంది.) అప్పటినుంచీ మకాంలో అధికారి శరీరం నేలకు రెండున్నర అడుగులకు తగ్గని ఎత్తులో ఉండాలని నిబంధన వచ్చింది. నిబంధన వెనకే రెండు చెట్ల మధ్య కట్టే క్యాంపు ఉయ్యాల వచ్చింది. ఉయ్యాల గుడ్డ రెండు కిలోలు. దాన్ని చెట్లకు పట్టి ఉంచే ఇనుమంతటినీ మా రికార్డుల్లో 'వేలాడు సామగ్రి' అంటారు.

ఇదంతా కొండెక్కేది అసిరయ్య కావిడిలో. ముందు తట్టలో ఉయ్యాల, దాని సామగ్రి, ఇరవై కిలోలు. వెనక తట్టలో కాగితాల కట్ట, అదీ ఇరవై కిలోలే. అసిరయ్య బావమరిది రాముడు పక్కనే నడుస్తాడు. ఒక మిట్ట ఇతను, ఒక మిట్ట అతను వంతులు వేసుకుని మోస్తారు. అలా పదకొండేళ్లు మోశాక, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం భాద్రపదంలో అసిరయ్య వాచిన భుజం మీద తువ్వాలు కప్పుకుని ఆఫీసుకు వచ్చాడు.

"బాబూ, ఈ ఏడు బుజం నా మాట ఇనట్లేదు. గుడ్డ బరువు కాదు బాబూ, ఆ గొలుసులే సంపేత్తన్నాయి. పదమూడు వీశెలుంటాయి. మొయ్యలేకపోతే నా పేరు కొట్టీసి ఇంకోడినెట్టుకుంటారు. అప్పుడు నానేటి తింతాను?"

బరువు వీశెల్లో చెప్పినందున మొదట ఆ విన్నపాన్ని తిప్పి పంపాం. (వీశెలు రద్దయి చాలా కాలమైంది. ఆ సర్క్యులర్ అసిరయ్య భుజానికి అందినట్టు లేదు.) రెండోసారి కిలోల్లో చెప్పాడు. నరసింగరావుగారు దయగలవారు కనుక వెంటనే ఫైలు తెరిపించారు. దయలేని అధికారైతే గొలుసులు తీసి అవతల పారేసేవాడే.

మొదటి చర్యగా హెడ్ గుమాస్తా గణపతిరావుగారు గొలుసుల తుప్పు గోకించారు. నలభై గ్రాములు తగ్గింది. తుప్పు కూడా ప్రభుత్వ ఆస్తే కనుక దాన్ని పొట్లం కట్టించి, సీలు వేయించి, అదే తట్టలో పెట్టించారు. రెండో చర్యగా, అధికారి పడుకోని వేళల్లో గొలుసుల బరువును లెక్కలోకి తీసుకోరాదని ప్రతిపాదించారు. కావిడి మోసే వేళల్లో అధికారి పడుకుని ఉండరు కదా, ఆ లెక్కన బరువు సున్నా అయింది. ఈ సంగతి అసిరయ్యకు చెప్పాం. అతను భుజం తడుముకుని వెళ్లిపోయాడు.

ఆ వారం సంతలో ఎండు చేపలమ్మే కూర్మమ్మ అతని వాపు చూసి, తన గంపకు కట్టిన నైలాను తాడు విప్పి, అతన్ని వెంటబెట్టుకుని నేరుగా ఆఫీసుకు వచ్చింది. అరకిలో తాడు అది.

"ఇది ఏ జాబితాలో ఉంది?" అన్నారు గణపతిరావుగారు.

"మా పడవలో ఉన్నాది. మా లంగరుకి ఇదే కడతాం. తుపానులో పడవని ఆపిన తాడు మీ బాబుని ఆపదేటి?"

"కొక్కేలు లేకుండా ఎలా?"

"ముడేత్తాను, సూడండి. ఎంత బరువెట్టినా జారదు. ఈ కొస పట్టుకు లాగితే సిటికెలో ఇడిపోతాది."

వరండా స్తంభాలకు ఉయ్యాల కట్టి చూపించింది. తాడును పరీక్షించాలంటే అధికారి అంత బరువు కావాలి. అధికారి బరువు గోప్యం. అందుచేత అసిరయ్యనూ రాముణ్ణీ ఇద్దరినీ కలిపి అందులో పడుకోమన్నారు. (ఇద్దరు కూలీలు ఒక అధికారికి సమానమన్నది అప్పుడే నిర్ణయమైంది.)

పదకొండేళ్లు మోసిన ఉయ్యాలలో అసిరయ్య పడుకోవడం అదే మొదలు. "ఒరే రాముడూ, ఇది ఇంత సుకంగా ఉంటాదేట్రా!" అన్నాడు. రెండు నిమిషాల్లో ఇద్దరూ నిద్రపోయారు. తాడు తెగలేదు, ముడి జారలేదు. నాకు వాళ్లను లేపబుద్ధి కాలేదు. గణపతిరావుగారు లేపారు.

ముడి దగ్గర మాత్రం కొంత చిక్కు వచ్చింది. మా స్టోరులో ప్రతి వస్తువునూ తూచి ఇస్తారు. ముడికి బరువు లేదు, బరువు లేనిదాన్ని ఇవ్వడానికి నిబంధన లేదు. ఈ విషయమై పై కార్యాలయంతో నెల్లాళ్లు ఉత్తరాలు నడిచాయి. చివరికి ముడిని తాడులో అంతర్భాగంగా గుర్తించారు. ఆ పూట నేను నిజంగా సంతోషించాను. పద్దెనిమిది కిలోలు అరకిలోకి దిగింది. మా ఆఫీసు పుట్టాక జరిగిన మంచిపని ఇదొక్కటే అనుకున్నాను.

మకాం బయల్దేరే రోజు అసిరయ్య కావిడి ఎత్తాడు. ముందు తట్ట గాల్లోకి లేచింది, వెనక తట్ట నేలమీదే కూర్చుంది. కావిడి అంటే రెండు వైపులా సరితూగాలి కదా. బద్ద ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. అంత తేడాకి కుదరలేదు.

"బాబూ, కాయితాలు సగం ఇటేపు ఎట్టీండి, సరిపోతాది" అన్నాడు.

"కట్టకు సీలు పడింది. విడదీయకూడదు" అన్నారు గణపతిరావుగారు. పైగా ఉయ్యాల బరువు తగ్గింపు ఫైలు కొత్తగా చేరడంతో కట్ట ఇరవై ఒకటిన్నర కిలోలైంది.

ఆయన కాసేపు ఆలోచించి స్టోరు నుంచి గొలుసులు, కొక్కేలు, కడియాలు తెప్పించి ముందు తట్టలో వేయించారు. ఇంకా కిలో తక్కువైతే కిలో తూకపు రాయి కూడా వేయించారు. కావిడి సరిగ్గా తూగింది. మొత్తం నలభై మూడు కిలోలు. పూర్వం నలభై ఉండేది.

"ఈ గొలుసులు మళ్లీ నా బుజం మీదికే వచ్చీసినాయేటి బాబూ?"

"ఇవి వేలాడు సామగ్రి కావురా. సమతూకపు సామగ్రి. వేలాడు సామగ్రి అరకిలోయే" అన్నారాయన ఓపిగ్గా.

నా చేత ధ్రువపత్రం రాయించారు. వేలాడు సామగ్రి బరువు పదిహేడున్నర కిలోలు తగ్గినదనీ, భారం తగ్గినందున వంతు కూలీ ఇకపై అనవసరమనీ, కావిడి ఒక్కడే మోయగలనని కూలీ తన ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాడనీ రాశాను. రాస్తుంటే సిగ్గేసింది. (దస్తూరీ మాత్రం గుండ్రంగానే వచ్చింది.) నరసింగరావుగారు సంతకం చేసి, కూలీల క్షేమం కోసం ఇంత శ్రమపడ్డ కార్యాలయం జిల్లాలో మరొకటి లేదని అభినందించారు.

రాముణ్ణి ఇంటికి పొమ్మన్నారు. అతను కదల్లేదు. "బావ ఒక్కడూ కొండెక్కలేడు బాబూ. బత్తెం ఇవ్వకపోయినా పరవాలేదు, నానూ ఎల్తాను" అన్నాడు. మకాం జాబితాలో పేరు లేనివాళ్లు సామగ్రిని ముట్టుకోరాదని గణపతిరావుగారు అతనికి నిబంధన చదివి వినిపించారు.

అప్పటికే కావిడి భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ గుమ్మం దగ్గర నిలబడ్డ అసిరయ్య ముందు సిరా అద్దిన గుడ్డ, ధ్రువపత్రం పట్టుకుని నిలబడ్డాను. అతను రాముడి వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు.

"కావిడి దించీసి ఏలుముద్ర ఎయ్యమంటారా బాబూ?"

"దించడం దేనికిరా? ఇప్పుడు తేలికేగా" అన్నారు గణపతిరావుగారు.