గల్లీకి అడ్డంగా తెల్ల టెంటు

బుధవారం పొద్దున సారలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా కూతురు భాగ్యను యూనివర్సిటీ గేటు దాకా దిగబెట్టి రావాలి. ఎనిమిదిన్నరకు వచ్చే ట్రాఫిక్ పోలీసు సార్లకు ఉప్మా వండాలి. పదిన్నరకల్లా గల్లీకి గేటు మంజూరు చేయించుకోవాలి. ఆ తర్వాత నీళ్లు ఉంటే బట్టలు ఉతుక్కోవాలి.

ఆ గల్లీ తార్నాక మెయిన్ రోడ్డుకూ, క్యాంపస్ వెనక గేటుకూ మధ్యలో ఉంది. సిగ్నల్ దగ్గర నిలబడే ఓపిక లేని ప్రతి బండీ అందులోనే దూరుతుంది. ఆటోలు, వాటర్ ట్యాంకర్లు, స్కూలు వ్యాన్లు, ఒంటి చేత్తో ఫోను చూసుకుంటూ బండి నడిపే పిల్లలు. సారలమ్మ ఇల్లు సరిగ్గా మలుపులో. ముగ్గు వేయడానికి వంగినప్పుడల్లా వెనక నుంచి ఏదో వచ్చి గుద్దినట్టే ఉండేది ఆమెకు. ఇంతవరకు ఏదీ గుద్దలేదు. కానీ అది నిన్నటి మాట. ఇవాళ్టి సంగతి ఎవరికి తెలుసు?

భాగ్యకు ఎమ్మెస్సీ సీటు వచ్చిన సంతోషంలో తండ్రి కొమురెల్లి స్కూటీ కొన్నాడు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు, బండ్లంటే భయం లేని మనిషి. భయమంతా భార్య వాటాకే వచ్చింది. నాలుగు నెలలుగా ఆ స్కూటీ మెట్ల కింద పాత దుప్పటి కప్పుకొని ఉంది. తాళం సారలమ్మ దగ్గర ఉంది.

"గల్లీకి గేటు పడ్డనాడు తాళం ఇస్త. అప్పటిదాక నడుసుడే బిడ్డా," అన్నది ఆమె.

నడవడమంటే ఒంటరిగా కాదు. ఇరవై రెండేళ్ల పిల్ల రోజూ తల్లి చేయి పట్టుకొని క్యాంపస్‌కు వెళ్లేది. గేటు దగ్గర తోటి పిల్లలు వరసగా నిలబడి "నమస్తే ఆంటీ" అనేవాళ్లు. అందుకే గల్లీ మూయించాలన్న అర్జీ మీద ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది తల్లి కాదు, కూతురు.

అంతకుముందు ఆదివారం కమ్యూనిటీ హాల్లో దాని మీద మీటింగు జరిగింది. కాలనీ ప్రెసిడెంటు వెంకటేశ్వర్లు బ్యాంకులో రిటైరై, ఏలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా గేటు వేసేసి కాలనీ బండ్లను మాత్రమే వదలాలని ఆయన నాలుగు పేజీలు చదివాడు. మూడో పేజీలో ఉండగా పరుశురాం లేచాడు. మాణికేశ్వర్ నగర్‌లో ఆటో నడుపుతాడు, ఈ గల్లీలోంచి రోజుకు పదిసార్లయినా పోతాడు.

"గల్లీ ఏమన్న నీ ఇంటి వరండానా సారూ? నొప్పులొచ్చిన ఆడమనిషిని ఏసుకొని వస్తే, నీ గేటు కాడ నిలబడి ఆధార్ కార్డు సూపియ్యాల్నా?"

హాలంతా నవ్వింది. గేటు అవతలి ప్రాణం ఎంత ముఖ్యమో ఇవతలి ప్రాణమూ అంతే ముఖ్యమన్నాడు వెంకటేశ్వర్లు. మాటకు మాట పెరిగింది. చివరకు పరుశురాం నోరు జారాడు.

"ఈ వయసుల నీకు గేట్లెందుకు సారూ, రామా కృష్ణా అనుకోక."

వెంకటేశ్వర్లు ముఖం పాలిపోయింది. ఎడమవైపు ఛాతీ మీద చేయి పెట్టుకున్నాడు. నిజానికి ఆయన జేబులో పెన్ను కోసం వెతుక్కుంటున్నాడు, ఆ మాటను మీటింగు మినిట్స్ పుస్తకంలో రాసుకుందామని. అది పరుశురాంకు తెలియదు.

ట్రాఫిక్ ఎస్సై కరుణాకర్ ఇద్దరినీ కూర్చోబెట్టాడు. బుధవారం పొద్దున రెండు గంటలు తామే వచ్చి బండ్లు లెక్కపెడతామన్నాడు. రెండు వందలు దాటితే గేటు వేయమని పైకి రాస్తాడు, దాటకపోతే రాయడు. సారలమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. రెండు వందల బండ్లు ఆ గల్లీకి అరగంట పని.

మరి బుధవారం ఏడింటికి అంతా పథకం ప్రకారమే నడిచింది. భాగ్యను గేటు దగ్గర వదిలి తిరిగి వస్తుంటే సారలమ్మ ముఖానికి ఎండ చురుక్కుమని తగిలింది. మార్చి నెలాఖరు. ఈ ఎండలో ఎస్సై రెండు గంటలు నిలబడితే కళ్లు తిరిగి పడడూ? పడితే తల రాయికి తగలదూ? తగిలితే గేటు మాట దేవుడెరుగు, గల్లీ మొత్తాన్ని స్టేషనుకు పిలవరూ? ఇంటికి చేరేసరికి ఎస్సైకి ఆమె మనసులో దినాలు కూడా అయిపోయాయి.

పరుగున వెళ్లి వెంకటేశ్వర్లు తలుపు కొట్టింది. స్వాగతోపన్యాసం రాసుకుంటూ ఆయన ఆ రోజు క్యాంపస్‌లో వాకింగ్ కూడా మానేశాడు. విని, అధికారుల్ని ఎండలో నిలబెట్టడం మర్యాద కాదని ఒప్పుకున్నాడు. టెంట్ హౌస్‌కు ఫోను చేశారు. పెళ్లిళ్ల రోజులు, రంగుల షామియానాలన్నీ వెళ్లిపోయాయి, ఒక్క తెల్లది మిగిలిందన్నాడు టెంటు అతను.

"తెల్లదే మంచిది. సల్లగుంటది," అన్నది సారలమ్మ.

ఎనిమిదికల్లా టెంటు లేచింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. కింద మూడు వరసల కుర్చీలు వేశారు. పక్కన పెద్ద గిన్నెలో ఉప్మాకు నీళ్లు మరుగుతున్నాయి. ఇక సార్లు చల్లగా కూర్చొని ఎన్ని బండ్లయినా లెక్కపెట్టుకోవచ్చని సారలమ్మ పొంగిపోయింది.

అప్పుడే పరుశురాం మొదటి ట్రిప్పు మీద గల్లీ మొదట్లోకి వచ్చాడు. తెల్ల టెంటు చూశాడు. కుర్చీలు చూశాడు. పెద్ద గిన్నె చూశాడు. పదినిమిషాల కింద క్యాంపస్ టీ బండి దగ్గర, వెంకటేశ్వర్లుతో రోజూ నడిచే పెద్దవాళ్లు, ఇరవై ఏళ్లలో ఒక్కరోజు మానని మనిషి ఇవాళ రాలేదని అనుకోవడం కూడా విని ఉన్నాడు. ఆదివారం ఛాతీ మీదికి పోయిన చేయి గుర్తుకొచ్చింది. ఆటోలో పాట ఆపేశాడు. తర్వాత స్టాండులో వాళ్లకు ఫోను చేశాడు.

"గల్లీలకెల్లి ఎవ్వరు పోవద్దురా. ప్రెసిడెంటు సారు పోయిండు. నా నోటితోనే పోయిండు."

అంతటితో ఊరుకుంటే పరుశురాం ఎందుకవుతాడు? ఆటోను గల్లీ మొదట్లో అడ్డంగా పెట్టి, వచ్చిన ప్రతి బండినీ రెండు చేతులూ జోడించి వెనక్కి పంపడం మొదలుపెట్టాడు. స్కూలు వ్యాను డ్రైవరు దిగి దండం పెట్టి మరీ వెళ్లాడు. వాటర్ ట్యాంకరు కూడా హారన్ కొట్టకుండా వెనక్కి మళ్లింది. అవతల క్యాంపస్ వైపు సెక్యూరిటీ వాళ్లు, దూరం నుంచి తెల్లగుడ్డ చూసి, తామే బండ్లను పెద్ద గేటుకు పంపేస్తున్నారు. గల్లీకి అడ్డంగా టెంటు కనబడితే మన దగ్గర ఎవరూ కారణం అడగరు. పాపం అనుకొని పక్క గల్లీలో దూరుతారు.

ఎనిమిదిన్నరకు ఎస్సై, వెంట ఒక కానిస్టేబులు, నడుచుకుంటూ వచ్చి టెంటులో కూర్చున్నారు. కానిస్టేబులు కాగితం మీద గళ్లు గీసి పెన్ను పట్టుకున్నాడు. పది నిమిషాలు గడిచాయి. ఉప్మా వచ్చింది. ఉప్మా అయిపోయింది. బండి రాలేదు.

"వస్తయి సారూ, గిదే టైం," అన్నది సారలమ్మ.

తొమ్మిది దాటింది. రోజూ బండ్లను తిట్టిపోసే సారలమ్మ గల్లీ మధ్యలో మునివేళ్ల మీద నిలబడి, చుట్టాల కోసం చూసినట్టు బండ్ల కోసం చూసింది. బందా? యుద్ధమా? ఊరంతా ఖాళీ చేసి, తమకు మాత్రం చెప్పలేదా? ఒక్క ట్యాంకరు వస్తే చాలు, ముగ్గు మీద నుంచి పోయినా ఏమీ అననని మొక్కుకుంది.

తొమ్మిదింబావుకు క్యాంపస్ వైపు నుంచి ఎనిమిది మంది పెద్దమనుషులు తలలు వంచుకొని నడిచి వచ్చారు. వెంకటేశ్వర్లు వాకింగ్ స్నేహితులు. ముందున్న ఇద్దరి చేతుల్లో బంతిపూల దండ, మనిషంత పొడుగుంది. వాళ్లు టెంటు కిందికి రావడం, వెంకటేశ్వర్లు ఇస్త్రీ తెల్లచొక్కాలో, చేతిలో అప్పటికి పూర్తయిన ఉపన్యాసంతో తన ఇంటి గడప దాటడం ఒక్కసారే జరిగాయి. ఎనిమిది మందీ ఉన్నచోటే ఆగిపోయారు. ఒకాయన కుర్చీ వెతుక్కున్నాడు.

వెంకటేశ్వర్లుకు మాత్రం దండ చూడగానే కళ్లు చెమర్చాయి.

"ఎంత మంచివాళ్లండీ మీరు. నేను శాలువా ఒక్కటే తెచ్చాను, దండ సంగతే మరిచిపోయాను," అంటూ వాళ్ల చేతుల్లోంచి దండ తీసుకుని, వెళ్లి ఎస్సై మెడలో వేశాడు. అది ఎస్సై మోకాళ్ల దాకా వచ్చింది. కానిస్టేబులు ఫోటో తీశాడు. సారలమ్మ చప్పట్లు కొట్టింది. స్నేహితులు కొట్టలేదు.

వెంకటేశ్వర్లు అందుకున్న ఉపన్యాసం పదింబావు దాటినా అయిపోలేదు. ఈలోగా కబురు భాగ్య ల్యాబు దాకా పాకింది. "మీ గల్లీలో తెల్ల టెంటు వేశారట, ఎవరో పోయారట," అని ఎవరో గ్రూపులో పెట్టారు. భాగ్య ఇంటికి ఫోను చేసింది. ఉప్మా హడావుడిలో సారలమ్మ ఫోను ఇంట్లో, కూరగాయల బుట్టలో మోగుతూ ఉండిపోయింది. ఏడుసార్లు చేసినా ఎత్తలేదు. మొదటి రింగుకే ఎత్తి "ఏమైంది బిడ్డా" అనే తల్లి ఎత్తలేదంటే ఏమనుకోవాలి? భాగ్య పక్కనున్న స్నేహితురాలి తాళం లాక్కుంది, స్కూటీ ఎక్కింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు, ఏడుస్తూ వస్తున్న పిల్లను ఆ ఇంటి మనిషేనని దారి ఇచ్చి వదిలారు.

గల్లీలో అడ్డం లేదు, మనుషులు లేరు, స్కూటీ గాలిలా వచ్చింది. మలుపు తిరగగానే టెంటు కింద మెడలో దండతో నిలబడ్డ ఎస్సై, పక్కన బతికున్న తల్లి. భాగ్య బ్రేకు వేసింది. స్కూటీ ఆగింది, కానీ టెంటు కర్రను కొట్టాక ఆగింది. ఒక కర్ర ఒరిగింది, దాన్ని చూసి రెండోది, తర్వాత తెల్లగుడ్డంతా నెమ్మదిగా, ఎవరికీ తొందర లేనట్టు, ఎస్సై మీదా ఎనిమిది మంది పెద్దమనుషుల మీదా ఉపన్యాసం మీదా వాలింది.

భాగ్య తల్లిని పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. "ఫోను ఎందుకు ఎత్తలేవే అమ్మా? నువ్వు సచ్చిపోయినవనుకున్న."

సారలమ్మ కూతుర్ని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. ఎక్కడా గీత పడలేదు. అప్పుడు అడిగింది. "నీకు బండి నడుపుడు ఎవరు నేర్పిండ్రు?"

చప్పుడు విని పరుశురాం గల్లీ మొదటి నుంచి పరిగెత్తుకొచ్చి గుడ్డ పైకెత్తాడు. మొదట బయటపడింది వెంకటేశ్వర్లు.

"సారూ, నువ్వు పోలేదా?"

"ఎక్కడికయ్యా?"

పరుశురాం అక్కడే రోడ్డు మీద చతికిలబడి, రెండు చెంపలూ వాయించుకున్నాడు. జరిగినదంతా అప్పుడు ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. ఎస్సై దండ తీసి పక్కన పెట్టి, పూలరేకులు దులుపుకొని, కాగితం తీసుకున్నాడు. రెండు గంటలకు లెక్క తేలిన బండ్లు ఒకటి. అదీ స్కూటీ. హెల్మెట్ లేదు.

"సారూ, రోజూ వేలకొద్ది పోతయి. ఇయ్యాల టెంటు అడ్డమున్నదని రాలే," అని సారలమ్మ ఏడుపు గొంతుతో బతిమాలింది.

"టెంటు ఎవరేసిండ్రమ్మా?"

సారలమ్మ వెంకటేశ్వర్లును చూసింది. వెంకటేశ్వర్లు ఉప్మా గిన్నెను చూశాడు. ఎస్సై కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసుకొని, ఉప్మా మాత్రం బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. గల్లీలో రద్దీ ఏమీ లేదు కనుక గేటు అవసరం లేదట. అది అయినా సారలమ్మ తట్టుకునేది. కానీ అదే వారం మెయిన్ రోడ్డు మీద పైపుల కోసం తవ్వడం మొదలుపెట్టారు. బండ్లను ఎటు మళ్లించాలని ఎవరో ఫైళ్లు తిరగేస్తే, తార్నాక మొత్తంలో ఖాళీగా ఉన్న దారి ఒక్కటే కనబడింది. రెండు గంటలకు ఒక్క బండి. మర్నాడు తెల్లారేసరికి గల్లీ మొదట్లో మనిషంత బాణం గుర్తుతో బోర్డు వెలిసింది.

సారలమ్మ రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు ధైర్యం చేసి గడపలో కుర్చీ వేసుకొని చూసింది. మెయిన్ రోడ్డు బండ్లన్నీ గల్లీలో ఉన్నాయి, కానీ ఒక్కటీ కదలడం లేదు. పరుశురాం ఆటో ఆమె టీ పెట్టేటప్పుడు గుమ్మం ముందు ఉంది, తాగి గ్లాసు కడిగేటప్పుడూ అక్కడే ఉంది. అతనికీ ఒక గ్లాసు ఇచ్చింది.

"అక్కా, ఈ గల్లీకి ఒక గేటు పెట్టియ్యరాదే," అన్నాడు పరుశురాం.

ఆమె బండ్ల చక్రాలనే చూస్తూ ఉంది. పెద్ద బస్సు చక్రం పక్కనే చంకలో పిల్లాడితో ఒక తల్లి తీరిగ్గా రోడ్డు దాటింది. ఆమె వెనకే ఒక ముసలామె కూడా దాటి, ఏదో మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్లింది. ఇంత నిలకడైన రోడ్డును సారలమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లోపలికి వెళ్లి మెట్ల కింద దుప్పటి తీసింది, తాళం తెచ్చి భాగ్య చేతిలో పెట్టింది.

ఇప్పుడు భాగ్య రోజూ తన సొంత స్కూటీ మీద, ఒంటరిగా, నలభై నిమిషాలు ఆలస్యంగా, మహాక్షేమంగా క్లాసుకు చేరుతోంది.