పోయిన సినిమాయే సినిమా!

సినిమా తీసినవాడు చేయాల్సిన మొదటి పని దాన్ని పోగొట్టడం!

దొరికే సినిమాతో సుఖమేముంది చెప్పండి? టికెట్టు కొనాలి, కదలకుండా కూర్చోవాలి, ఆఖర్న అర్థం కాలేదని ఒప్పుకోవాలి. పోయిన సినిమాకి నిడివి ఎక్కువైందని ఎవరైనా అన్నారా? మధ్యలో ఎవరైనా లేచిపోయారా?

నమ్మకపోతే ఏ ఆదివారమైనా న్యూయార్క్‌లో మా ఇంటికి రండి. ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయన మిల్టన్, ఆయన స్నేహితులు ఆరుగురు, ఎవరూ చూడని ప్రయోగాత్మక చిత్రాల కోసం కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు. ఫిల్ము పాడవకూడదని ఫ్రిజ్ నిండా రీళ్ళే. వెన్న కిటికీ గట్టు మీద ఉంటుంది. జనవరిలో కోసుకుంటాం, జూలైలో తాగేస్తాం!

వీళ్ళందరి ఆరాధ్యదైవం ‘సింకు’ అనే పదకొండు నిమిషాల మూకీ. ముప్పై ఏళ్ళ కిందట మా ఆయనే తీశారు. ఒక్క ఆట వేశాక టాక్సీలో పోయిందన్నారు. అంతే, గొప్ప దర్శకుడైపోయారు! ఆ ఆరుగురిలో ఒకడైన నార్బర్ట్ దానిమీద మూడు వందల పేజీల పుస్తకం రాశాడు, చూడకుండానే. చూసి ఉంటే ముప్పై దాటేవా? ఆ ఒక్క ఆటకీ వెళ్ళడానికి నాకు తీరిక చిక్కలేదు. ఎప్పటికైనా చూడాలన్న కోరిక మాత్రం చావలేదు.

మొన్న ఆదివారం ఫ్రిజ్ కడుగుతుంటే, వేరే పేరు రాసిన డబ్బాలో ఒక రీలు. వెలుతురుకి పట్టి చూశాను. సింకు!

“దొరికిందండోయ్! వేసి చూద్దాం రండి!”

ఎవరో పోయినట్టు అందరూ లేచి నిలబడ్డారు.

“మెల్లగా వదినా, ఎవరైనా వింటారు!” అన్నాడు నార్బర్ట్. “నా పుస్తకం రెండో ముద్రణ ప్రెస్సులో ఉంది!”

మా ఆయన పాలిపోయారు. “బాగాలేకపోతే, డోరిస్?”

“బాగుంటే మాత్రం ఏం లాభంరా? ఊరందరూ చూసేస్తారు!” అన్నాడు ఇంకో స్నేహితుడు ఇర్విన్.

చేతులెత్తి ఓటేశారు. సినిమాని మళ్ళీ పోగొట్టాలి! ఆ పనీ నాకే అప్పగించారు.

“ఎక్కడ పారేశావో మాకు చెప్పకు వదినా, నీకు పుణ్యముంటుంది,” అని బతిమాలి, ఆ సంతోషంలో భోజనానికి కిందికి దిగారు.

నేను కర్టెన్లు మూసి ప్రొజెక్టర్ పెట్టుకున్నాను.

సింకు. గిన్నెల గుట్ట. ఇరవై రెండేళ్ళ పిల్ల వీపు. పదో నిమిషంలో ఆ పిల్ల కెమెరా వైపు తిరిగి ఏదో అంటుంది. ఆనాటి ప్రేక్షకుడెవరో చెప్పగా విని, ఆ మాటేమిటో తేల్చడానికి నార్బర్ట్ ఒక అధ్యాయమే కేటాయించాడు. మృత్యువును పిలుస్తోందట! మా ఆయన్ని అడిగితే గుర్తులేదన్నారట. నన్నెవరూ అడగలేదు.

“ఆ కెమెరా పక్కన పెట్టి నాలుగు గిన్నెలు కడగొచ్చుగా, మహానుభావా!” అన్నాను ఆ రోజు.

సినిమా మూకీయే గానీ, నేను గట్టిగానే అన్నాను.