ఫెదర్ ఆఫ్ చేసిన రోజు

శుక్రవారం ఉదయం ఒక చిన్న పని ముగించుకుని, మధ్యాహ్నం మూడింటి దాకా ఎవరి కంటా పడకుండా కూర్చోవాలని మెర్రిన్ ట్రెలోర్ అనుకుంది. ఆమె ఆరు నెలల ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయమో కాదో మూడింటికి పై అధికారి గ్వెండా రాస్ముస్సెన్ గదిలో తేలుతుంది. మెర్రిన్ మాట నమ్మి భర్త అడిలైడ్‌లో ఉద్యోగం మానేసి ఈ కాన్‌బెర్రా చలిలోకి వచ్చాడు. రేపు సామాను సర్దమని అతనికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలన్న బెంగతో ఆమెకు వారం రోజులుగా నిద్ర లేదు.

వాళ్ళ కంపెనీ తయారుచేసేది హైపర్‌వైజర్. ఒకే పెద్ద కంప్యూటర్‌లో ముప్ఫై కంప్యూటర్ల చేత కాపురం పెట్టించి, ఇల్లంతా నీదేనని ఒక్కొక్కదాన్నీ నమ్మించే సాఫ్ట్‌వేర్ అది. ఏ ఇంటి ఓనరుకూ చేతకాని విద్య. దానికి నాలుగు వందల పన్నెండు ఆప్షన్లు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరికి ఏ అనుమానం వస్తే వాళ్ళు ఒకటి చేర్చారే తప్ప, ఉన్నదాన్ని తీసే సాహసం ఎవరూ చేయలేదు. ఆ జాబితాను మనుషులకు అర్థమయ్యేలా తిరిగి రూపొందించమని మెర్రిన్‌కు అప్పగించారు.

అందులో ఒక ఆప్షన్ పేరు ఫెదర్. మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంది. అదేం చేస్తుందని గైడు తిరగేస్తే, ఆన్ చేసినప్పుడు ఫెదర్ పనిచేస్తుందని రాసి ఉంది. కోడ్ తవ్వి చూస్తే మెమరీ పంచే చోట ఏదో చిన్న లెక్క మారుస్తోంది. ఆ మార్పు మంచికో చెడుకో రాసినవాడే చెప్పాలి, అతను రిటైరై పడవలో టాస్మేనియా చుట్టూ తిరుగుతున్నాడు. ఇలాంటి వాటికి ఆ వృత్తిలో ఒక మొరటు పరీక్ష ఉంది. ఆఫ్ చేసి, ఎవరు కేకలు పెడతారో వినడమే ఆ పరీక్ష. ఎవరూ అరవకపోతే తీసి పారేయవచ్చు.

దానికి రెండు నియమాలు. మార్పును రెండో మనిషి చూసి స్క్రీన్ మీద బటన్ నొక్కి ఒప్పుకుంటేనే అది బయటికి వెళ్తుంది. ఆ సంగతి ముందుగా కస్టమర్లకు మెయిల్‌లో తెలియజేయాలి. కొత్త మార్పులు ముందుగా రుచి చూసే కస్టమర్లు ముగ్గురు: ఒక పాల సంఘం, ఒక ఓడరేవు, ఒక యూనివర్సిటీ.

రెండో మనిషి పక్క కుర్చీలోని డూగల్ ఫిన్లే. మెర్రిన్ మార్పు పంపేసరికి అతను ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, ఇంకో చేత్తో కోటు తొడుక్కుంటున్నాడు.

"చూశాను, బాగానే ఉంది. నువ్వు మెయిల్ కొట్టెయ్. నా పన్ను నన్ను చంపేస్తోంది," అని డెంటిస్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

తొమ్మిదికి మెర్రిన్ ముగ్గురికీ మెయిల్ పంపింది. ఫెదర్ ఈ క్షణం నుంచి ఆఫ్‌లో ఉంటుందని, ఇబ్బంది ఉంటే తెలియజేయమని ఎంతో మర్యాదగా రాసింది.

తొమ్మిదీ పదికి ఓడరేవు నుంచి ఫోన్ వచ్చింది. క్రేన్ల జాబితా స్క్రీన్ మీదికి రావడానికి యుగాలు పడుతోందట. తొమ్మిదింబావుకు యూనివర్సిటీ ప్రొఫెసర్ తన మూడు రోజుల లెక్క మధ్యలో ఆగిపోయిందని, దీనికి ఎవరు బాధ్యులని అడిగాడు. మెర్రిన్ ఇద్దరికీ క్షమాపణ చెబుతుండగానే పాల సంఘం మేనేజరు క్లైవ్ ఆటవే లైన్లోకి వచ్చాడు. ఆయన అరవలేదు. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

"చూడమ్మాయ్, అరవై రెండు కుటుంబాల పాలు నా ట్యాంకుల్లో ఉన్నాయి," అన్నాడాయన. "తొమ్మిది దాటాక చల్లదనం గీత పైకి లేచింది. నేను పాలవాణ్ణి, నాకు కంప్యూటర్లు తెలియవు. నువ్వేదో పీకావని మాత్రం తెలుసు. మధ్యాహ్నానికి ఆ పాలు విరిగితే మీ గ్వెండాతో మాట్లాడతాను."

విరిగిన పాలతో పాటు తన ఉద్యోగమూ కాలవలోకి పోవడం మెర్రిన్ కళ్ళకు కట్టింది. ఫెదర్‌ను మళ్ళీ ఆన్ చేసే మార్పు రాసి డూగల్‌కు పంపి, వెంటనే ఒప్పుకోమని ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. డెంటిస్టు కుర్చీలోంచి అతను బొటనవేలి బొమ్మ పంపాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఫెదర్‌ను ఆన్ చేశామని ముగ్గురికీ మళ్ళీ మెయిల్ రాసింది.

పావుగంటలో అంతా సర్దుకుంది. క్రేన్లు చకచకా కనబడుతున్నాయన్నారు. ప్రొఫెసర్ లెక్క ముందుకు కదిలిందట, పైగా మునుపటికన్నా చురుగ్గా ఉందట. క్లైవ్ మాత్రం ఫోన్ చేయలేదు. పదకొండింటికి గ్వెండా గుమ్మంలోకి వచ్చి, క్లైవ్ తనకు పొడుగాటి ఉత్తరం రాశాడని, మూడింటి దాకా ఎందుకు, ఒంటిగంటకే రమ్మని చెప్పి వెళ్ళిపోయింది. మెర్రిన్ తెచ్చుకున్న శాండ్‌విచ్ విప్పి, చూసి, మళ్ళీ కట్టేసింది.

ఒంటిగంటకు పది నిమిషాల ముందు డూగల్ వాచిన బుగ్గతో తిరిగొచ్చి స్క్రీన్ తెరిచాడు.

"ఈ రెండు మార్పులూ ఇంకా ఇక్కడే కూర్చున్నాయేంటి?" అన్నాడు.

మెర్రిన్‌కు ముందు అర్థం కాలేదు. తర్వాత స్క్రీన్ దగ్గరికి వంగి చూసింది. పొద్దున పంటినొప్పిలో అతను బటన్ నొక్కడం మరిచిపోయాడు. మెసేజ్‌కు బొమ్మ పంపాడు గానీ నోట్లో సూది ఉండగా ఏం నొక్కుతాడు? ఫెదర్ ఆఫ్ కానే లేదు, మళ్ళీ ఆన్ కావలసిన పనీ లేదు. పొద్దుటి నుంచీ జరిగిందల్లా రెండు మెయిళ్ళే.

"అయితే వాళ్ళ క్రేన్లు, ఆ ప్రొఫెసర్ లెక్క, పాల ట్యాంకులు?" అని గొణిగింది.

"అవన్నీ ఎప్పుడూ అంతే, కాసేపు మొరాయించి వాటంతటవే సర్దుకుంటాయి. ఇవాళ నీ మెయిల్ చూసి గడియారం పట్టుకు కూర్చున్నారు."

అంటే జరగని పనికి క్షమాపణ చెప్పి, చేయని మరమ్మతుకు మెప్పు పొందింది. ఇది పాలు విరగడం కన్నా పెద్ద నేరమని ఆమెకు తోచింది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుందామని నిశ్చయించుకుని గ్వెండా గదిలోకి వెళ్ళింది.

గ్వెండా కళ్ళజోడు పెట్టుకుని క్లైవ్ ఉత్తరం పైకే చదివింది. ఈ కంపెనీలో ఫోన్ ఎత్తిన మొదటి మనిషి ఈ పిల్లేనని, అడిగిన పావుగంటలో పాలు కాపాడిందని, ఆమెను వదులుకుంటే మీకన్నా తెలివితక్కువవాళ్ళు ఉండరని ఆయన రాశాడు.

"నిజం చెప్పాలి. నేనసలు ఏమీ చేయలేదండీ," అంది మెర్రిన్.

"ఈ వినయమే వద్దంటాను," అని గ్వెండా కాగితం మీద సంతకం పెట్టేసింది. మెర్రిన్ మళ్ళీ నోరు తెరిచేలోగా ఉద్యోగం ఖాయమైపోయింది. తెరిచిన నోటిని ఆమె మెల్లగా మూసుకుంది. అందుకు చాలాసేపు సిగ్గుపడింది కూడా.

తిరిగి వచ్చేసరికి డూగల్ చిరునవ్వుతో ఎదురయ్యాడు. ఆమె ఆనందంలో తన వంతుగా, ఆగిపోయిన ఆ రెండు మార్పులనూ స్క్రీన్ మీది జాబితా పైనుంచి వరుసగా ఒప్పుకున్నానన్నాడు. ఆ జాబితాలో పైన ఉండేది కొత్తది, కింద ఉండేది పాతది. అంటే ముందు ఆన్ వెళ్ళింది, దాని వెనకే ఆఫ్ వెళ్ళింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ తర్వాత ఫోన్ వైపు చూశారు. ఈసారి ఫెదర్ నిజంగానే ఆఫ్ అయింది, మూడు చోట్లా. ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని ఐదు గంటల దాకా కుర్చీల్లోంచి కదలలేదు. మంచినీళ్ళకు కూడా వంతులవారీగా వెళ్ళారు. ఫోన్ మోగలేదు. సోమవారమూ మోగలేదు.

దాన్ని మళ్ళీ ఆన్ చేయాలంటే నియమం ప్రకారం ముందుగా మెయిల్ రాయాలి, ఆ ధైర్యం ఇద్దరికీ లేదు. ఫెదర్ ఇప్పటికీ ఆఫ్‌లోనే ఉంది, ఆ సంగతి తెలియని క్లైవ్ దాన్ని చుట్టుపక్కల పాల సంఘాలన్నిటికీ సిఫార్సు చేస్తున్నాడు.